బొండాంతో బెంగళూరులో అద్దె ఇల్లు: మూడు నెలలు ఉన్నాక నా రివ్యూ

అందరికీ నమస్తే అండీ. వెనకాల గుమ్మం మీద గడ్డం ఆనించి పడుకుంది చూశారా, అదే మా బొండాం, నాలుగేళ్ల ఊరకుక్క. దీన్ని వెంటేసుకుని మారతహళ్లి, బెళ్లందూరు, కసవనహళ్లి అంతా తిరిగి, 11 ఇళ్లు చూశాక ఈ ఫ్లాట్ దొరికింది.

ముందు యాప్‌ల సంగతి చెప్తాను. 'పెట్స్ ఓకే' అని ఉన్నవాటికి ఫోన్ చేస్తే చాలామంది ఓనర్లకి అలా పెట్టినట్టే తెలియదు, బ్రోకరే టిక్ కొట్టేసి ఉంటాడు. ఒకచోట టోకెన్ కూడా కట్టేసి సామాను సర్దుకుంటుంటే ఓనర్ ఫోన్ చేసి "చిన్న కుక్క అనుకున్నానమ్మా, అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు ఒప్పుకోవట్లేదు" అన్నారు. ఆ రాత్రంతా ఒకటే టెన్షన్. ఊళ్లో అమ్మ దగ్గర వదిలేయమని సలహాలు. నా మంచం పక్కనే పెరిగిన ప్రాణాన్ని ఎలా వదిలేస్తానండీ?

అప్పుడే భారత జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు చదివాను. సభ్యుల్లో మెజారిటీ నిషేధానికి ఒప్పుకున్నా సరే, కుక్కల్ని పెంచకూడదని అసోసియేషన్ రూలు పెట్టకూడదు, సైజు చూసో జాతి చూసో వద్దనకూడదు, లిఫ్టు ఎక్కనివ్వం అనకూడదు. ఇది ప్రింట్ తీసి దగ్గర పెట్టుకోండి. కానీ ఇదంతా అసోసియేషన్‌కి చెప్పిన మాట, తన ఇల్లు ఎవరికివ్వాలన్నది ఓనర్ ఇష్టం. అందుకే నోటిమాటతో ఆగకుండా 11 నెలల అగ్రిమెంట్‌లోనే కుక్క ఉంటుందని ఒక లైను రాయించండి, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి, తలుపు మీద గీతలకి అడ్వాన్స్‌లో ఎంత పట్టుకుంటారో అది కూడా.

ఈ ఇంటి ఓనర్‌ది హిందూపురం. కుక్కని చూశాకే మాట్లాడదాం అన్నారు. రేబిస్ టీకాల పుస్తకం పట్టుకుని వెళ్లాం, ఆయన పేజీలన్నీ తిప్పి, చెయ్యి చాపి వాసన చూడనిచ్చి, అప్పుడు అద్దె సంగతి ఎత్తారు. 28 వేలు, 5 నెలల అడ్వాన్స్.

ఇక ఇల్లు. కెమెరా కిందికి దించుతున్నా, ఈ టైల్స్ చూడండి, అద్దంలా ఉన్నాయి. వచ్చిన కొత్తలో పరిగెడితే దాని వెనక కాళ్లు జారిపోయేవి, అందుకే హాలు నుంచి వంటింటి దాకా ఈ గోనె పట్టాలు పరిచాను. బాల్కనీ కమ్మీల మధ్య సందులో దాని తల దూరిపోయేది, మొదటి రోజే వల కట్టించాను. మీరు ఇల్లు చూసేటప్పుడు ఆ సందులో చెయ్యి పెట్టి చూసుకోండి.

పదికి ఎనిమిది ఇస్తాను. గ్రౌండ్ ఫ్లోర్, ఎదురుగా ఖాళీ రోడ్డు, పక్కింటివాళ్లు మంచివాళ్లు. రెండు ఎందుకు తగ్గించానంటే, దగ్గర్లో పార్కు లేదు, కబ్బన్ పార్కులో డాగ్ పార్క్ ఉంది కానీ ఆదివారం పొద్దున తప్ప ఈ ట్రాఫిక్‌లో వెళ్లలేం. పైగా వాన పడితే గేటు ముందు మోకాలి లోతు నీళ్లు, అప్పుడు బొండాంని ఎత్తుకునే బయటికి తీసుకెళ్తున్నాను.