చైన్ మిషన్ జూసి ట్యాంకు చేసుడు

అందరికి నమస్తే. మైకు జర దగ్గరికి జరుపుకుంట. సారు ఫోన్ చేసి "నీ బొమ్మల గురించి పిల్లలకు ఒక అరగంట చెప్పు" అన్నడు, బొమ్మలు అనంగనే నాకు కొంచెం కాలింది గని ఏం జేస్త, మా ఇంట్ల గూడ అదే మాట, వీనికి నలభై ఏండ్లొచ్చినా బొమ్మలాట పోలేదని.

ఇగో, టేబుల్ మీద ఉన్నది టీ-34-85, రెండో ప్రపంచ యుద్ధంల రష్యావోళ్లు 1944ల దింపిన ట్యాంకు. అసలుది ఫిరంగి గొట్టంతోటి కలిపి 8 మీటర్ల పైన ఉంటది, ఇది 23 సెంటీమీటర్లు, అంటే 35ల ఒక వంతు. ఈ 35 ఏ శాస్త్రంల నుంచి వచ్చిన లెక్క గాదు. 1960ల మొదట్ల జపాన్‌ల టామియా కంపెనీవోళ్లు జర్మనీవోళ్ల పాంథర్ ట్యాంకు కిట్టు, అంటే ముక్కలు అతికించి చేసుకునే డబ్బ, చేస్తూ లోపట మోటరు, బ్యాటరీలు పట్టాలె అని సైజు పెట్టుకున్నరు, తర్వాత కొలిస్తే దగ్గరదగ్గర 35 వచ్చింది, ఇగ లోకమంతా దాన్నే పట్టుకున్నది.

డబ్బల ఉన్నది ఉన్నట్టు అతికిస్తే ట్యాంకే అయితది, కాదనను. నా మొదటిది అట్లనే చేసిన. చైన్లు మెత్తటి వినైల్‌వి, రబ్బరు బ్యాండు తీరు తొడిగిన, బట్టలారేసే దండెం లెక్క టైటుగ నిలవడ్డయి. టీ-34కు పైదిక్కు చైనును మోసే చిన్న చక్రాలు ఉండవు, టన్ను బరువున్న ఇనుప చైను సీదా వొచ్చి పెద్ద చక్రాల మీదనే పడుకుంటది, వాటి నడుమ కిందికి కుంగుతది. నాకు ఆ సంగతి పుస్తకంల ఫొటో చూస్తే ఎక్కలే. మా రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ఇంటి ముందల పొక్లెయిన్ నిలబెట్టిండ్రు, పొద్దున పండ్లు తోముకుంట దాని చైను దిక్కు చూస్తే అప్పుడు తెలిసింది ఇనుము ఎట్ల వేలాడుతదో, నేలకు రాసే అంచులు వెండి తీరు ఎట్ల మెరుస్తయో, మిగిలినదంతా ఎట్ల తుప్పు రంగు ఉంటదో. ఆ రోజే సూది దారం తీసుకొని చైనును లోపలి దిక్కు నుంచి చక్రాలకు గుంజి కట్టిన. రూపాయి ఖర్చు లేదు, ట్యాంకుకు బరువొచ్చింది.

బురదకైతే మిర్యాలగూడ దిక్కు వరి కోతలల్ల చైన్ మిషన్, అదే చైన్ల మీద నడిచే కోత మిషన్, జూడాలె. దానిది రబ్బరు చైను, ఒప్పుకుంట, గని బురద పట్టే తీరు అదే, చక్రాల సందులల్ల గడ్డితోటి కలిసి గట్టిగ కూరుకుంటది, బయటి దిక్కు రాసుకపోయి సాఫ్ అయితది. ఈ బొమ్మలు చేసే మనోళ్లు ఏం చేస్తరు, బ్రష్షు ముంచి అంతటా ఒక్క తీరుగ పూస్తరు, పెండ అలికినట్టు.

టరెట్టు, అంటే ట్యాంకు పైన ఫిరంగితోటి తిరిగే గూడు, దాని సంగతి చెప్త. అది పోత పోసిన ఉక్కు, గరుకుగ ఉంటది, కిరాణం దుకాణంల పాత ఇనుప తూకం రాయి మీద చెయ్యి వెట్టి చూడుండ్రి. కిట్టులనేమో గుడ్డు తీరు నున్నగ వస్తది. ప్లాస్టిక్‌ను కరిగించే పల్చటి గమ్ము పూసి, అది మెత్తగ అయినంక పాత టూత్‌బ్రష్‌తోటి పొడువాలె, గట్టిగ గాదు, దోమ కుట్టినట్టు. ఇగ వెనకాల గుంజుకపోయే తాడు కిట్టుల ప్లాస్టిక్‌ది ఉంటది, తీసి పారేయుండ్రి, మోటర్ వైండింగ్ షాపుకు పోయి కాలిన బోరు మోటరుల నుంచి తీసిన రాగి తీగ అడుగుండ్రి, నల్లగొండల కాలిన మోటర్లకు కరువా. నాలుగు పోగులు కలిపి పురిపెడితే అచ్చం ఇనుప తాడే.

ఎండకాలం మధ్యాన్నం మాత్రం స్ప్రే కొట్టకుండ్రి, రంగు గాలిలనే ఎండి గరుకుగ పడ్తది.

మట్టి దగ్గర నేను రెండుసార్లు బోల్తా పడ్డ. మొదటిసారి మన చల్కల ఎర్రమట్టి తెచ్చి టీ-34 మీద చల్లిన, ఆ ట్యాంకులు కొట్లాడిన ఉక్రెయిన్‌ల నేలేమో మన రేగడి తీరు నలుపు. మళ్ల అలంపూర్ దిక్కు మా బామ్మర్ది చేన్ల నుంచి రేగడి తెప్పించిన. జల్లెడ సరిపోదు, చున్నీల వడగట్టాలె, ఎందుకంటే 1 మిల్లీమీటరు ఇసుక గింజ అంటే ఆ సైజుల 3.5 సెంటీమీటర్ల కంకర రాయి.

రెండోది ఈ నాలుగు చక్రాల బండి, స్టాగ్‌హౌండ్. ట్యాంకు గాదు, సాయుధ కారు, అమెరికాల షెవర్లేవోళ్లు చేసింది, 37 మిల్లీమీటర్ల ఫిరంగి. 1948 సెప్టెంబర్ల పోలీస్ యాక్షన్ అప్పుడు నిజాం ఫౌజుల హైదరాబాద్ లాన్సర్స్ అనే దళం దగ్గర ఇవి ఉండె. బెజవాడ దిక్కు నుంచి ఇండియా సైన్యం కోదాడ, సూర్యాపేట మీదికెళ్లి వస్తుంటే నిజాం ఫౌజు వెనక్కి పోతూ సూర్యాపేట కాడ మూసీ వంతెన పేల్చింది. ఇది మన పాత నల్లగొండ జిల్లా కథ గదా అని కిట్టు తెప్పించి, మన ఎర్ర దుబ్బనే వారం దినాలు పొరలు పొరలుగ చల్లి, మస్తు వచ్చిందని మా నాయనమ్మకు చూపిచ్చిన. ఆమె అప్పుడు చిన్నపిల్ల. కండ్లకు దగ్గర పెట్టుకొని అటుఇటు తిప్పి చూసి, "వానలల్ల దుబ్బ యాడుంటదిరా, పిచ్చోడా" అన్నది.

దుబ్బంతా కడిగేసిన. అదే ఎర్రమట్టిల ఫెవికాల్, నీళ్లు కలిపి చక్రాల సందులల్ల బురద కూరిన, పైన మాత్రం వాన కడిగిన తీరు సాఫ్‌గ ఉంచిన. ఇగో, ఒక్కొక్కరు చేతుల పట్టుకొని చూసి పక్కోనికి ఇయ్యుండ్రి. గొట్టం మాత్రం పట్టకుండ్రి, ఇప్పటికే రెండుసార్లు ఇరిగింది.