చనిపోయినవాడి ఓటు

వేదిక మీది పెద్దలకు, సభకు నమస్కారం. పరిచయాలకే చాలా సమయం పోయింది కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

యుద్ధం మీద ఎక్కడ చర్చ జరిగినా ఎవరో ఒకరు లేచి "మన సైనికుల త్యాగం వృథా కాకూడదు" అంటారు. ఆ తర్వాత ఎవరు ప్రశ్న అడిగినా అమరుల్ని అవమానించినట్టే లెక్క. ఆ మాట వింటే నాకు కడుపు మండుతుంది. వెయ్యిమంది పోయారు కాబట్టి ఆపకూడదంటే, రెండు వేలమంది పోయాక ఆపడం ఇంకా కష్టం కదా! మరి ఎప్పుడు ఆపుతారు?

పోయినవాళ్లను చూపించి యుద్ధం నడిపేవాళ్లే, అవసరమైతే వాళ్లను దాచేస్తారు కూడా. గల్ఫ్ యుద్ధం నాడు, 1991లో, డోవర్ వైమానిక స్థావరానికి వచ్చే సైనికుల శవపేటికల్ని ఫొటో తియ్యకూడదని అమెరికా నిషేధం పెట్టింది. అది 2009 దాకా సాగింది. సోవియట్ ప్రభుత్వం అఫ్గానిస్తాన్ యుద్ధం నుంచి వచ్చిన జింకు శవపేటికల విషయంలో చేసిందీ అదే. ఇంకా రెండు మూడు దేశాల సంగతులు రాసుకొచ్చాను గానీ, అవి పక్కన పెడతాను. పాట్ టిల్‌మన్ గురించి చెప్పకుండా నేను ముందుకు పోలేను.

టిల్‌మన్ అమెరికన్ ఫుట్‌బాల్‌లో మంచి పేరున్న ఆటగాడు. 36 లక్షల డాలర్ల కాంట్రాక్టు వదులుకుని 2002లో తమ్ముడితో కలిసి సైన్యంలో చేరాడు. 2004 ఏప్రిల్ 22న అఫ్గానిస్తాన్‌లో చనిపోయాడు. శత్రువుల కాల్పుల్లో నేలకొరిగాడన్నారు, శౌర్యానికిచ్చే సిల్వర్ స్టార్ పతకం ఇచ్చారు, సంస్మరణ సభను దేశమంతా టీవీలో చూసింది. నిజానికి అతన్ని కాల్చింది సొంత దళంవాళ్లే, పొరపాటున. అతని యూనిఫాం, ఒంటి మీది కవచం తగలబెట్టేశారు. కాల్పులప్పుడు అతని పక్కనే ఉన్న సైనికుడు, ఈ విషయం తమ్ముడికి చెప్పొద్దని పైఅధికారి తనను ఆదేశించాడని 2007లో అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) కమిటీ ముందు సాక్ష్యం చెప్పాడు. ఆ తమ్ముడు ఎక్కడో లేడండీ, అదే దళంలో, వెనక వస్తున్న బండిలో ఉన్నాడు! అన్న ఎలా పోయాడో ఇంటివాళ్లకు తెలిసింది సంస్మరణ సభ అయిపోయిన కొన్ని వారాలకు. అంటే కన్నతల్లి ఏడ్చిన ఏడుపు కూడా అబద్ధం చుట్టూ ఏడవాల్సి వచ్చింది. ఒక్కసారి ఆలోచించండి, మీ ఇంట్లో ఇలా జరిగితే?

యుద్ధం వద్దనేవాళ్లం కూడా ఈ విషయంలో జాగ్రత్తగా ఉండాలి. ఇరాక్‌లో కొడుకును పోగొట్టుకున్న సిండీ షీహన్ 2005లో అధ్యక్షుడు బుష్ పశువుల క్షేత్రం దగ్గర గుడారం వేసుకుని, నా బిడ్డ దేనికోసం చనిపోయాడో చెప్పమని అడిగింది. ఆమెకు ఆ హక్కు నూటికి నూరుపాళ్లూ ఉంది. అయితే ఆమెలాగే బిడ్డల్ని పోగొట్టుకుని, ఆ యుద్ధాన్ని సమర్థించిన తల్లిదండ్రులూ ఉన్నారు. వాళ్ల దుఃఖం తక్కువదా? ఒక తల్లి కన్నీటికి పోటీగా మరో తల్లిని తెచ్చి కెమెరా ముందు నిలబెట్టడం అన్యాయం. అది ఏ పక్షం చేసినా అన్యాయమే.

ఇజ్రాయెల్‌లో 1997లో లెబనాన్‌కు సైనికుల్ని తీసుకెళ్తున్న రెండు హెలికాప్టర్లు ఢీకొని 73 మంది సైనికులు చనిపోయారు. ఆ తర్వాత 'నలుగురు తల్లులు' అనే ఉద్యమం పుట్టింది. పొరుగుదేశం లెబనాన్‌లో తమ సైన్యం ఎందుకుండాలో చెప్పమని వాళ్లు పట్టుబట్టారు. వాళ్లు అడిగింది ఇంకా సైన్యంలో ఉన్న తమ కొడుకుల గురించి. 2000 మే నెలలో ఇజ్రాయెల్ సైన్యం దక్షిణ లెబనాన్ వదిలి వెళ్లింది. దానికి కారణాలు చాలా ఉన్నాయి, ఒక్క ఉద్యమమే చేసిందని నేననను. కానీ ప్రశ్న అడగాల్సింది అలా, రేపు బయలుదేరబోయేవాడి తరఫున. ఈసారి ఏ నాయకుడైనా అమరుల పేరెత్తితే, ఇప్పుడు పంపబోయేవాళ్లను దేనికి పంపుతున్నారు, ఎప్పుడు వెనక్కి పిలుస్తారు అని మీరు నిలబెట్టి అడగండి. జవాబు వచ్చేదాకా కూర్చోకండి.