ఎంబీఏ ఎక్కడ? ముందు ఉద్యోగం ఎక్కడో తేల్చుకోండి

శ్రోతలకు నమస్కారం.

బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ పీజీ హాస్టళ్లలో ఉండే మన పిల్లలు నాలుగైదేళ్లు కోడింగ్ చేశాక ఎంబీఏ మాట ఎత్తుతారు. ఎత్తగానే రెండు దారులు కనిపిస్తాయి. నవంబరులో ఐఐఎంల ప్రవేశ పరీక్ష క్యాట్ రాసి ఇక్కడే చదవడం ఒకటి, విదేశీ బిజినెస్ స్కూళ్లు చూసే జీమ్యాట్ పరీక్ష రాసి విమానం ఎక్కడం రెండోది. క్యాట్ స్కోరు ఆ ఒక్క ఏడాది ప్రవేశాలకే పనికొస్తుంది, జీమ్యాట్ స్కోరు అయిదేళ్లు చెల్లుతుంది. అందుకని ఎందుకైనా మంచిదని రెండోది రాసి పెట్టుకుంటారు. ఆ స్కోరు ఊరికే ఉండనిస్తుందా? ఏదో ఒక కన్సల్టెంటు గడప తొక్కిస్తుంది.

విదేశమా, ఇక్కడేనా అని అడిగినవాళ్లను నేను తిరిగి అడిగేది ఒక్కటే: చదువయ్యాక ఓ పదేళ్లు ఎక్కడ ఉందామనుకుంటున్నావు? ఎంబీఏలో పాఠాలు ఎక్కడైనా దాదాపు అవే. తేడా అంతా క్యాంపస్‌కు వచ్చే కంపెనీల్లో, సీనియర్ల పరిచయాల్లో ఉంటుంది. బన్నేరుఘట్ట రోడ్డు ఐఐఎం 1973 నుంచీ ఉంది. అక్కడ చదివితే పై కుర్చీల్లో కూర్చున్న సీనియర్లు ఈ ఊళ్లోనే దొరుకుతారు. చికాగోలో చదివితే పరిచయాలు చికాగోలో. రెండేళ్లలో తిరిగొచ్చేద్దామనుకునేవాడికి వాటితో ఇక్కడ ఏం పని?

ఇక డబ్బు. బెంగళూరు ఐఐఎంలో రెండేళ్ల ఫీజు పాతిక లక్షల ప్రాంతంలో ఉంది. అమెరికాలో పేరుమోసిన బిజినెస్ స్కూళ్లలో ఫీజు ఒక్కటే ఏడాదికి 70 వేల డాలర్లు దాటింది. తిండి, అద్దె, బీమా కలిపితే రెండేళ్లకు కోటిన్నర పైమాటే. అందులో కోటి రూపాయలు అప్పు అనుకుందాం. 11 శాతం వడ్డీతో పదేళ్లలో తీర్చాలంటే నెల వాయిదా సుమారు లక్షా 38 వేలు. చదివే రోజుల వడ్డీ అసలుకు చేరితే ఇంకా పెరుగుతుంది. అదే 25 లక్షలు 9 శాతానికి తీసుకుంటే నెలకు 32 వేల లోపు. డాలర్ల జీతంతో మొదటిది కూడా తీర్చేయొచ్చు. రూపాయల జీతంతో అయితే పెళ్లి, ఇల్లు, అన్నీ ఆ వాయిదా వెనకే క్యూ కట్టాలి.

ఐఐఎం సీటుకు చాలా బ్యాంకులు ఆస్తి తాకట్టు అడగకుండానే అప్పిస్తాయి. విదేశానికి ఇంత పెద్ద మొత్తమంటే ఒంగోలులోనో అనంతపురంలోనో నాన్న కట్టుకున్న ఇంటి కాగితాల దగ్గరికి వస్తుంది వ్యవహారం. "నీ చదువుకన్నా ఇల్లు ఎక్కువట్రా" అంటారాయన. ఆ మాట పట్టుకుని సంతకాలకు పరుగెత్తకండి. నెల వాయిదా అంకె కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టండి. అమ్మ ముందు కూడా. వడ్డీకి ఆదాయపు పన్ను మినహాయింపు ఉందని కన్సల్టెంటు ఊరిస్తాడు. ఉన్నమాట నిజమే. అయితే వడ్డీకే, గరిష్ఠంగా ఎనిమిదేళ్లకే, అదీ పాత పన్ను విధానంలో ఉంటేనే.

వీసా సంగతి మీకు తెలిసిందే. అమెరికాలో చదువయ్యాక ఉద్యోగం చేయనిచ్చే ఓపీటీ అనుమతి ఏడాది, కోర్సుకు స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) గుర్తింపు ఉంటే మరో రెండేళ్లు. ఆ తర్వాత ఏటా 85 వేల హెచ్‌-1బీ ఉద్యోగ వీసాల కోసం పోటీ. బ్రిటన్‌లో చదువయ్యాక ఉండనిచ్చే రెండేళ్ల గడువు, 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసే ఎంబీఏ వాళ్లకు 18 నెలలే.

నేను విదేశానికి వ్యతిరేకిని కాను. అక్కడే స్థిరపడాలని గట్టిగా ఉంటే, మంచి స్కూలూ స్కాలర్‌షిప్పూ చేతిలో ఉంటే, బయల్దేరమంటాను. ఊరూ పేరూ లేని యూనివర్సిటీలో ఎంబీఏ పేరిట వీసా కొనుక్కుంటానంటే మాత్రం వద్దంటాను. ఉన్న జీతం రెండేళ్లు వదులుకోవడం కష్టమైతే హైదరాబాదు ఐఎస్‌బీలో (ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్) ఏడాది కోర్సు ఉంది. ఐఐఎంలో చేరినా ఒక టర్ము విదేశీ స్కూల్లో చదివి వచ్చే ఎక్స్ఛేంజ్ ఏర్పాటు ఉంది.

ఫీజు కట్టేముందు ఆ స్కూల్లో మూడేళ్ల కిందట చదివిన మన సాఫ్ట్‌వేర్ వాళ్లను ఇద్దరు ముగ్గురిని వెతికి పట్టుకోండి. వీసా ఏ స్థితిలో ఉంది, వాయిదా ఎంత కడుతున్నారు, మొదటి ఉద్యోగానికి ఎన్నాళ్లు పట్టింది, అడగండి. స్కూళ్లు అచ్చేసే సగటు జీతం ఉద్యోగం వచ్చినవాళ్లదే. రానివాళ్లు ఆ లెక్కలోకి రారు.