గడ్డి కింద వెల్లుల్లి

హోస్ట్: నమస్కారం. మార్చి చివరికొచ్చాం. అమెరికాలోని మా మినియాపోలిస్‌లో మాత్రం కిటికీలోంచి చూస్తే ఇంకా బూడిద రంగే. రోడ్డు పక్కన నల్లబడిన మంచు గుట్టలు, బూట్ల మీద ఉప్పు మరకలు. ఈరోజు మనతో తెనాలి నుంచి వచ్చి 19 ఏళ్లుగా ఇక్కడే ఉంటున్న ఒక అక్క ఉన్నారు. పెరట్లో కూరగాయలు పండిస్తారు. అక్కా, ఎలా ఉన్నారు?

అక్క: అలిసిపోయానమ్మా, నిజంగానే. నవంబరులో మొదటి స్నో పడితే ఎంత బాగుందో అనుకుంటాం. మార్చికల్లా పార చూస్తేనే భుజాలు నొప్పెడతాయి.

హోస్ట్: 2023 గురించి ఫోన్లో చెప్పారు కదా...

అక్క: ఆ చలికాలం ఇక్కడ మొత్తం 90 అంగుళాలు పడింది. అంటే ఏడున్నర అడుగులు. ఉగాది మార్చి 22న వచ్చింది. అమ్మ పంపిన ఎండు వేపపువ్వుతో పచ్చడి చేశాను. "ఇక్కడ చెట్టు నిండా పూతే, పెరడంతా వాసన" అంటోంది అమ్మ. సరే, మనకీ వస్తుందిలే అనుకున్నా. పది రోజులు తిరక్కుండానే, ఏప్రిల్ 1న లేచి చూస్తే తలుపు ముందు మళ్లీ బరువైన తడి మంచు. వంటింట్లో నిలబడి ఏడ్చేశాను.

హోస్ట్: అయ్యో. మరి తోట?

అక్క: తోటే నన్ను నిలబెట్టింది. అక్టోబరులో, నేల గడ్డకట్టక ముందే వెల్లుల్లి రెబ్బలు నాటి పైన ఎండుగడ్డి కప్పుతాను. మనకి చలి శత్రువులా ఉంటుంది కానీ వెల్లుల్లికి అది కావాలి. కొన్ని వారాలు గట్టి చలి తగలకపోతే గడ్డ రెబ్బలుగా విడదు, ఒంటిపాయలా ఉండిపోతుంది. అది తెలిశాక జనవరి మీద నాకు కోపం కొంచెం తగ్గింది.

హోస్ట్: గడ్డి ఎప్పుడు తీస్తారు?

అక్క: అదే కష్టం! ఒక ఏడాది ఆగలేకపోయాను. మార్చిలో రెండు రోజులు ఎండ కాసేసరికి కప్పిన ఎండుగడ్డి అంతా లాగేశాను. రాత్రి గడ్డకట్టడం, పగలు కరగడం, దాంతో నేల ఉబ్బి రెబ్బలు పైకి తేలిపోయాయి. వేళ్లు బయటపడి సగం పోయాయి. ఇప్పుడు ఒక మూల మాత్రం చేత్తో పక్కకి జరిపి చూసి, మళ్లీ కప్పేస్తాను.

హోస్ట్: ఇంట్లో కరివేపాకు ఎలా ఉంది?

అక్క: డిసెంబరుకే ఆకులన్నీ రాల్చేసింది. ఒట్టి పుల్ల. ఇదివరకు ఒకటి ఇలాగే ఉంటే, దాహమేసిందేమోనని రోజూ నీళ్లు పోసి వేళ్లు కుళ్లబెట్టాను. చలికాలంలో దానికి నీళ్లు చాలా తక్కువ చాలు. ఇప్పుడు అనుమానం వస్తే కాండాన్ని గోటితో కొంచెం గీకి చూస్తాను. లోపల పచ్చగా ఉంటే బతికున్నట్టే. మొన్న గీకాను, పచ్చగా ఉంది! వెంటనే అమ్మకి వీడియో కాల్ చేశాను. అక్కడ అర్ధరాత్రి. అయినా ఎత్తింది.

హోస్ట్: బయట ఇంకేమైనా కదలిక ఉందా?

అక్క: పక్కింటాయన మేపుల్ చెట్టుకి బకెట్ కట్టాడు, కాండంలోంచి కారే తీపి నీరు పట్టడానికి. రాత్రి సున్నా కిందకి, పగలు సున్నా పైకి వెళ్తుంటేనే ఆ తీపి నీరు కారుతుంది. లీటరు సిరప్‌కి దాదాపు 40 లీటర్లు మరిగించాలట. నిన్న గ్లాసులో కొంచెం పోసిచ్చాడు. నీళ్లలాగే ఉంది, చివర్లో సన్నగా తీపి తగిలింది.

హోస్ట్: గోంగూర ఎప్పుడు నాటుతారు?

అక్క: ఏప్రిల్లో ఇంట్లో కుండీల్లో మొలకెత్తిస్తాను. నేలలోకి మాత్రం మే సగం దాటాకే. ఇక్కడివాళ్లు మదర్స్ డే దాటనివ్వు అంటారు. దానికి ముందు ఒక్క రాత్రి మంచు పట్టినా గోంగూర నల్లబడిపోతుంది.

హోస్ట్: మరి వెల్లుల్లి? ఈ పొద్దున చూశారా?

అక్క: చూశాను. మూల గడ్డి జరిపి వేలితో మట్టి తాకాను. పైన ఒక అంగుళం మెత్తబడింది. కింద ఇంకా రాయిలా ఉంది. మొలక లేదు. గడ్డి కప్పేసి వచ్చాను. రేపు పొద్దున కాఫీ తాగి మళ్లీ వెళ్తాను.