సైడ్ డ్రెయిన్ మరచిన ఇన్‌స్పెక్టర్

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, నాతోపాటు పింఛను తీసుకుంటున్న మిత్రులకు నమస్కారం. పదవీ విరమణ తర్వాత కాలక్షేపం గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. నడక, ప్రాణాయామం గురించి డాక్టరుగారు ఇప్పుడే చెప్పారు. నేను రైలు గురించి చెబుతాను. విసుగనిపిస్తే చేయి ఎత్తండి. ఎత్తినా నేను ఆపనని మూడో వరుసలో కూర్చున్న మా ఆవిడకు తెలుసు.

మా అబ్బాయి ఉద్యోగానికి వెళ్లాక వాడి గది ఖాళీ అయింది. పన్నెండడుగుల వెడల్పు, పద్నాలుగడుగుల పొడవు. అందులో బొమ్మ రైలు నడిచేలా, విశాఖ దగ్గరి కొత్తవలస నుంచి కొండల మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ వెళ్లే లైను నమూనా కడతానన్నాను. "కట్టుకోండి, బీరువా తలుపు మాత్రం పూర్తిగా తెరుచుకోవాలి" అంది ఆవిడ. ఆ షరతు వల్లే ప్లాను కుదిరింది. గోడల వెంబడి నాలుగడుగుల ఎత్తున బల్ల వేశాను. వెడల్పు ఎక్కడా డెబ్భై అయిదు సెంటీమీటర్లు దాటలేదు, చేయి అంతకంటే లోపలికి అందదు కాబట్టి. గుమ్మం దగ్గర ఒకటి, బీరువా ఎదుట ఒకటి, తీసి పక్కన పెట్టుకునే వంతెనలు.

లైను మొత్తం కట్టాలన్న ఆశ కాగితం మీదే చచ్చిపోయింది. బొమ్మ రైళ్లకు వాడే హెచ్ఓ స్కేలంటే అసలులో 87వ వంతు. సుమారు 445 కిలోమీటర్ల లైనుకు అయిదు కిలోమీటర్ల బల్ల కావాలి. 996 మీటర్ల ఎత్తున్న సిమిలిగూడ స్టేషనుకు ఎక్కాలంటే మూడంతస్తుల మేడ కావాలి. ఆ లైనులోని ఎనిమిది డిగ్రీల మలుపంటే వ్యాసార్థం సుమారు 219 మీటర్లు. దాన్ని కుదించినా రెండున్నర మీటర్లు. గదిలో అలాంటి మలుపు ఒక్కటి తిప్పేలోపే గోడ అడ్డొస్తుంది. అందుకే మూలల్లో డెబ్భై అయిదు సెంటీమీటర్లకు ఒప్పుకుని, చిమిడిపల్లి–బొర్రా గుహలు మధ్య ఒక సొరంగం, కొండను కోసి పట్టాలు వేసే కటింగ్ ఒకటి, ఒక చిన్న వంతెన చాలనుకున్నాను. కొత్తగా మొదలుపెట్టేవారు చేసే తప్పు ఇక్కడే ఉంది. జంక్షను కావాలి, యార్డు కావాలి, కొండ కావాలి అంటారు. చివరికి మనిషి నిలబడడానికి చోటుండదు.

ఇక నా గోడు. బజారులో దొరికే హెచ్ఓ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. అది విదేశాల్లో పట్టాల మధ్య ఉండే 1435 మిల్లీమీటర్ల గేజ్‌కు సరిపోతుంది. మన బ్రాడ్‌గేజ్ 1676. లెక్క ప్రకారం 19.3 రావాలి. "మూడు మిల్లీమీటర్లే కదా, ఎవరు చూస్తారు?" అన్నాడు ఒక మిత్రుడు. ముప్ఫై మూడేళ్లు గేజ్ పట్టుకుని పట్టాలు కొలిచిన పర్మనెంట్ వే ఇన్‌స్పెక్టర్‌తో, అంటే పట్టాల బాగోగులు చూసేవాడితో, అనవలసిన మాటేనా అది? మూడు నెలలు ఓర్చుకున్నాను. ఒక రాత్రి లేచి అన్నీ పీకేశాను.

రాగి పూత ఉన్న సర్క్యూట్ బోర్డును సన్నగా కోసి పట్టాల కింద అడ్డంగా వేసే స్లీపర్లు సుమారు రెండు వేలు చేశాను. ఒక్కొక్కదాని మధ్యలో రాగిని గీకి తీసేయాలి, లేకపోతే రెండు పట్టాల మధ్య కరెంటు కలిసిపోతుంది. ఒకే ఒక్కటి గీకడం మరిచాను. దాన్ని పట్టుకోవడానికి రెండు సాయంత్రాలు పట్టింది. బోగీల చక్రాలను కూడా ఇరుసు మీద జరిపి వెడల్పు చేసుకోవలసి వచ్చింది. కంకరకు ఏటి ఇసుకను మైదా జల్లెడలో పట్టాను. ఇంట్లో ఆ జల్లెడ కోసం వారం వెతికారు. నేనే తీశానని ఈ రోజు సభాముఖంగా ఒప్పుకుంటున్నాను.

ఇక్కడ పట్టాలు బాగుచేసే గ్యాంగులో పనిచేసినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. చూశారా, నలుగురే! ఇంజన్ ఫొటోలు తీసేవాళ్లు వేలమంది ఉంటారు. కిరండూల్ దగ్గరి బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం విశాఖ రేవుకు చేరి, అక్కడి నుంచి జపాను వెళ్లాలనే ఆ కొండల్లో ఈ లైను వేశారు. ఇంజన్ల పేర్లు అందరూ గడగడా చెబుతారు. తెల్లవారకముందే సుత్తి భుజాన వేసుకుని, పట్టాను బిగించే కీ ఊడితే ఒక్కొక్కటే కొట్టుకుంటూ సొరంగంలోంచి నడిచి వచ్చే కీమన్‌ను ఎవరు తలుస్తారు? అందుకే నా బల్ల మీద ఇంజన్ కంటే ముందు కీమన్ వచ్చాడు. రెండు సెంటీమీటర్ల మనిషి. చేతిలో సుత్తి గుండుసూది తలకాయంత.

నా సెక్షనులో ఏళ్ల తరబడి నడిచిన కీమన్ ఒకాయన రిటైరై విశాఖలోనే ఉంటున్నాడు. పోయిన శ్రావణంలో ఇంటికి పిలిచాను. బొమ్మను చూపించి మెచ్చుకోలు కోసం ఎదురుచూశాను. ఆయన బొమ్మను చూడనే లేదు. కళ్లద్దాలు సరిచేసుకుని, కటింగ్ పొడవునా వేలు ఆనించుకుంటూ వెళ్లాడు. సొరంగం మూతి దగ్గర ఆగాడు.

"బాబూ, కొండ మీది నీళ్లు ఎటు పోతాయి?"

నాకు నోట మాట రాలేదు. పట్టాల పక్కన నీళ్లు పోయే సైడ్ డ్రెయిన్ లేదు! వానాకాలం మొదలవకముందే కాలువల్లో పూడిక తీయించలేదని ఈయననే ఎన్నిసార్లు గట్టిగా అడిగానో లెక్కలేదు. కాలువ పూడితే నీళ్లు కంకరలోకి దిగుతాయి, బురద పైకి వస్తుంది, పట్టా కుంగుతుంది. ఆ సంగతి ఎంతమందికి పాఠం చెప్పానో! తీరా నా చేతులతో నేనే కట్టుకున్నప్పుడు 19.3 మిల్లీమీటర్లు గుర్తున్నాయి, కాలువ గుర్తులేదు.

ఆయన నవ్వలేదు. "చాకు ఉందా?" అన్నాడు. ఇద్దరం స్టూళ్లు వేసుకుని ఎండిన ప్లాస్టరు చెక్కడం మొదలుపెట్టాం. కాఫీ తెచ్చిన మా ఆవిడ, మా మోకాళ్ల మీది తెల్లటి పొడి చూసి, కప్పులు బీరువా మీద పెట్టి వెళ్లిపోయింది. ఆ రోజు ఒకటిన్నర అడుగులు తవ్వాం. అప్పటి నుంచి ఆయన ప్రతి ఆదివారం వస్తున్నాడు. ఇంకా వంతెన వైపు ముక్క మిగిలింది.

అధ్యక్షులు గడియారం చూస్తున్నారు. చేతులెత్తిన ఆ నలుగురూ బయట కాస్త ఆగండి, ఇంటి దారి చెబుతాను. చాకులు మాత్రం మీరే తెచ్చుకోవాలి.