నేల కింద సంపద, నేల మీద పేదరికం

(తెరపై: భారతదేశ ఖనిజ పటం)

ఒక ప్రాంతం పేదరికంలో ఎందుకు మిగిలిపోయిందని అడిగితే వానలు లేవనో, నేలలో సారం లేదనో, అక్కడి జనం కష్టపడరనో అంటారు. ఈ చివరి మాట పచ్చి అబద్ధం, మొదటి రెండూ కొంతవరకే నిజం. బొగ్గు, ఇనుప ఖనిజం పుష్కలంగా ఉన్న జార్ఖండ్, ఒడిశా ఇన్నేళ్లుగా పేదరికంతో పెనుగులాడడానికి నేల కారణం కాదు.

1950లలో కేంద్ర ప్రభుత్వం రవాణా ఛార్జీల సమీకరణ విధానాన్ని తెచ్చింది. కర్మాగారం పక్కనే కొన్నా, వెయ్యి కిలోమీటర్ల అవతల కొన్నా ఉక్కు ధర ఒకటే ఉండేలా రైలు ఖర్చును సర్దారు. పరిశ్రమలు దేశమంతటా విస్తరించాలన్న ఉద్దేశం మంచిదే. కానీ ముడిసరుకు చేరువలో ఉందన్న అనుకూలతను తూర్పు రాష్ట్రాలు దానివల్ల కోల్పోయాయి. రేవులూ బ్యాంకులూ మార్కెట్లూ ముందే ఉన్న చోట్లకే ఫ్యాక్టరీలు వెళ్లాయి. 1990ల ఆరంభానికి ఆ విధానం పోయినా అవి తిరిగి రాలేదు, ఎందుకంటే విడిభాగాలు చేసేవారూ నైపుణ్యమున్న కార్మికులూ అప్పటికే అక్కడ స్థిరపడ్డారు.

(తెరపై: ఆండీస్ పర్వతాలు)

పాత నిర్ణయాల నీడ ఎంత దూరం పడుతుందో పెరూలో చూడవచ్చు. 1573 నుంచి 1812 వరకు స్పానిష్ పాలకులు కొన్ని జిల్లాల పురుషుల్లో ఏడో వంతు మందిని వెండి, పాదరసం గనుల్లో వెట్టికి పంపించారు. ఆ జిల్లాల సరిహద్దుకు ఇటూ అటూ ఉన్న కుటుంబాలను పోల్చిన ఆర్థికవేత్త మెలిస్సా డెల్, వెట్టి సాగిన వైపు కుటుంబ వినియోగం ఈనాటికీ సుమారు 25 శాతం తక్కువగా ఉందని 2010లో చూపించారు. రోడ్లు అటు అంతగా చేరలేదు, పంటను మార్కెట్‌కు తెచ్చి అమ్ముకునే రైతులూ తక్కువే.

ఇక సామాజిక కారణాల విషయానికొస్తే, వెనుకబడిన ప్రాంతంలోనూ భారం అందరి మీదా ఒకేలా పడదు. గని కోసం భూమి సేకరించినప్పుడు పరిహారం పట్టా ఉన్నవారికే దక్కేది. తరతరాలుగా అదే పోడు దున్నుకుంటున్న ఆదివాసీ కుటుంబం దగ్గర కాగితం లేకపోవడంతో భూమీ పోయేది, డబ్బూ వచ్చేది కాదు. వారి హక్కును గుర్తించే చట్టం 2006లో గానీ రాలేదు. గనుల లీజుదారులు జిల్లా ఖనిజ నిధికి, అంటే గనుల ప్రభావం పడిన ప్రాంతాల మేలు కోసం పెట్టిన నిధికి, వాటా చెల్లించాలన్న నియమం 2015లో వచ్చింది. ఆదివాసీలు ఎక్కువగా ఉన్నాయని రాజ్యాంగం కింద ప్రకటించిన షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఆ నిధుల ప్రణాళికకు గ్రామసభ ఆమోదం తప్పనిసరి కాబట్టి, సొమ్ము బడికి వెళ్లాలా, తాగునీటికి వెళ్లాలా అన్నది అక్కడే అడగాలి.