పక్క కిటికీ వెలుగులో లక్కపిడత

శ్రోతలకు నమస్కారం.

కొత్త ఏడాది దగ్గర పడుతోందంటే చాలాచోట్ల కాలనీ సంఘాలవాళ్ళు, ఊరి యువజన సంఘాలవాళ్ళు, పైరాష్ట్రాల్లో ఉన్న మన తెలుగు సంఘాలవాళ్ళు సొంతంగా కేలండరు వేయించుకుంటారు. ఈసారి మనవాళ్ళ చేతిపనులు వేద్దామని మీ సంఘం అనుకుందనుకోండి. చేత్తో చేసిన చెక్క వస్తువుల ఫోటోలు పంపండి, పన్నెండు ఎంచి పన్నెండు నెలలకూ వేస్తాం అని పోటీ పెట్టింది. మీ నాన్నగారు చిత్రిక పట్టి చేసిన పీట ఇంట్లో ఉంది. మీ అక్క ఈమధ్యే నేర్చుకుని చెక్కిన గరిటె ఉంది. ఎప్పుడో ఏటికొప్పాక నుంచి తెచ్చుకున్న లక్కపిడతలు అద్దాల బీరువాలో ఉన్నాయి. ఫోటో ఎలా తీయాలి?

నాకున్న సమయం తక్కువ. అందుకని కెమెరాల గురించి చెప్పను, మీ చేతిలో ఉన్న ఫోను చాలు. వెలుగు గురించి చెబుతాను. అందులోనూ ఒక్క వెలుగు గురించే. పక్క నుంచి వచ్చే వెలుగు.

చెక్క వస్తువు కనబడితే మనం ఏం చేస్తాం? ముందు చేతిలోకి తీసుకుంటాం. నిమురుతాం, బరువు చూస్తాం, తిరగేసి అడుగు చూస్తాం. కొందరైతే ముక్కు దగ్గర పెట్టుకుని కర్ర వాసన కూడా చూస్తారు. పోటీలో ఎంపిక చేసేవాళ్ళకు ఆ అవకాశం లేదు. వాళ్ళకు దొరికేది ఒక ఫోటో, అంతే. ఉలి ఆగిన చోటు, చిత్రిక జారిన చోటు, అంచు దగ్గర వేలు ఆనించి చేసిన వంపు, ఇవన్నీ వాళ్ళు కంటితోనే తడమాలి. అవి కనబడలేదంటే చేత్తో చేసిన పీటకీ, ఫ్యాక్టరీలో అచ్చుపోసిన పీటకీ ఫోటోలో తేడా తెలియదు. ఎన్నో మంచి పనులు ఇలా ఫోటో దగ్గరే ఓడిపోతున్నాయి. నా బాధంతా అదే.

ఒక్క వస్తువు తీసుకుని పూర్తిగా చెబుతాను. లక్కపిడత. అందులోనూ బొటనవేలంత ఎత్తుండే చిన్న బిందె.

ఏటికొప్పాక అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉంది. అక్కడి పని చూస్తే కళ్ళు తిప్పుకోలేం. అంకుడు కర్ర తెస్తారు. తెల్లగా, మెత్తగా ఉంటుంది. ఆరబెట్టి, ముక్కలు కోసి, ఒక్కో ముక్కను తరిమెనకు, అంటే కర్రను గిర్రున తిప్పే యంత్రానికి, బిగిస్తారు. కర్ర గిర్రున తిరుగుతుంటే దానికి ఉలి ఆనిస్తారు. చూస్తుండగానే పొట్ట వస్తుంది, మెడ వస్తుంది, మూతి అంచు వస్తుంది. తర్వాత రంగు కలిపిన లక్క కడ్డీ తీసుకుని, తిరుగుతున్న ఆ కర్రకే ఆనించి నొక్కుతారు. రాపిడికి వేడి పుడుతుంది, ఆ వేడికి లక్క కరుగుతుంది, కరిగి బిందె ఒంటినిండా పరుచుకుంటుంది. కుంచె పని లేదు. ఆ మీదట మొగలి ఆకుతో రుద్దుతారు. అప్పుడు వస్తుంది ఆ మెరుపు.

రంగుల సంగతీ చెప్పాలి. పసుపు కొమ్ము నుంచి పసుపు, జాఫ్రా గింజల నుంచి నారింజ, నీలిమందు నుంచి నీలం. రసాయన రంగులు ముంచెత్తిన కాలంలో ఈ చెట్ల రంగులను మళ్ళీ లక్కలోకి తెచ్చినవారు ఆ ఊరి సి.వి. రాజు గారు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఊరేగినవీ ఈ బొమ్మలే.

ఇప్పుడు ఆ బిందెను ఫోటో తీద్దాం.

రాత్రి పూట హాల్లో ట్యూబ్‌లైటు కింద పెట్టి, ఫోనులో ఫ్లాష్ వేసి తీస్తే ఏమవుతుంది? బిందె పొట్ట మీద బియ్యపు గింజంత తెల్లటి చుక్క పడుతుంది. అక్కడ రంగు లేదు, లక్క లేదు, ఏమీ లేదు, తెలుపే. మిగతా బిందె చదునుగా, కాగితం మీద కత్తిరించి అతికించినట్టు ఉంటుంది. వెనక గోడ మీద నల్లటి నీడ.

ఎందుకలా? ఫ్లాష్ మన కంటి వైపు నుంచే వెళ్తుంది, ఎదురుగా కొడుతుంది. ఎదురు వెలుగు వస్తువు ఒంటి మీది నీడలను చెరిపేస్తుంది. నీడ లేనిచోట లోతు కనబడదు, గుండ్రదనం కనబడదు. ఇంకొక సంగతి ఉంది, దాన్ని కొంచెం శ్రద్ధగా వినండి. లక్క పూసిన ఒళ్ళు అద్దమే. దాని మీద మనకు మెరుపుగా కనిపించేది, దాని ముందున్న వెలుగు తాలూకు ప్రతిబింబం. ముందు చిన్న ఫ్లాష్ ఉంటే చిన్న చుక్క కనబడుతుంది. ముందు పెద్ద కిటికీ ఉంటే కిటికీ కనబడుతుంది. మెరుపు ఎలా ఉండాలో లక్క చేతిలో లేదు. మీ చేతిలో ఉంది.

కాబట్టి పగలు తీయండి. నేరుగా ఎండ పడని కిటికీ ఒకటి చూసుకోండి. ఉత్తరపు కిటికీ అయితే మేలు. వేసవిలో మాత్రం ఉదయం, సాయంత్రం ఎండ అటు నుంచి కూడా లోపలికి తొంగిచూస్తుంది, గమనించుకోండి. గదిలో లైట్లన్నీ ఆర్పేయండి. ట్యూబ్‌లైటు రంగు వేరు, పగటి వెలుగు రంగు వేరు. రెండూ కలిస్తే బిందెకు ఒక పక్క ఒక రంగు, రెండో పక్క ఇంకో రంగు వస్తుంది.

కిటికీ పక్కన బల్ల వేయండి. బల్ల మీద సాదా చార్టు కాగితం పరచండి. బూడిద రంగుదో, లేత మీగడ రంగుదో. దాని వెనక అంచును గోడకు ఎత్తి, మడత పడకుండా వంపుగా అతికించండి. అప్పుడు వెనక గీత కనబడదు. దాని మీద బిందె పెట్టండి. కిటికీ మీ ఎడమ చేతి వైపు ఉండాలి, లేదా కుడి చేతి వైపు. మీ వెనక వద్దు, బిందె వెనక వద్దు. పక్కన. పక్క నుంచి వెలుగు.

ఇప్పుడు వంగి బిందెను చూడండి. పొట్ట మీద కిటికీ ఊచలు గీతలు గీతలుగా పడి ఉంటాయి. గ్రిల్లులో పువ్వు డిజైను ఉంటే ఆ పువ్వు కూడా బిందె మీద వంకరగా కనబడుతుంది. ఇక్కడే నేనెంతో ఇష్టపడే చిన్న పని ఒకటుంది. ఇంట్లో తెల్ల పంచె తీసుకుని కిటికీకి అడ్డంగా కట్టండి. ఉతికిన, అంచు లేని, పలచటి పంచె. కట్టగానే ఊచలు మాయమవుతాయి. బిందె మెడ దగ్గర మొదలై, పొట్ట వంపు వెంట జారి, అడుగు దాకా దిగే ఒకే ఒక్క పాల చార వస్తుంది. ఆ చార పోయిన దారే బిందె ఆకారం. గుండ్రదనాన్ని అదే చెబుతుంది. తరిమెన మీద ఉలి ఎక్కడ లోపలికి వెళ్ళిందో, ఎక్కడ బయటికి వచ్చిందో అదే చెబుతుంది. మెడ దగ్గర ఉలి వేసిన సన్నటి గాడి ఉంటే, చార అక్కడ చిన్నగా తెగి మళ్ళీ కలుస్తుంది. ఎంపిక చేసేవాళ్ళ కన్ను అక్కడ ఆగుతుంది. ఫ్యాను ఆపడం మరిచిపోకండి, పంచె ఊగితే చార చెదురుతుంది.

రెండో పక్క నీడ మరీ నల్లగా ఉందనుకుంటే అటువైపు ఒక తెల్ల చార్టో, థర్మోకోల్ ముక్కో నిలబెట్టండి. కిటికీ వెలుగు దానికి తగిలి తిరిగి వస్తుంది, నీడ పలచబడుతుంది. దగ్గరికి జరిపేకొద్దీ నీడ తగ్గుతుంది. అయితే లక్క అద్దమని చెప్పాను కదా, ఆ చార్టు కూడా బిందె మీద రెండో చారగా కనబడుతుంది. కొందరికి రెండు చారలూ ఇష్టమే. నాకు ఒక్క చారే ఇష్టం. చార్టును కాస్త దూరం జరిపితే రెండో చార సన్నబడిపోతుంది. మీరు తొడుక్కున్న చొక్కా కూడా అందులో కనబడుతుంది కాబట్టి ముదురు రంగు చొక్కా వేసుకోండి.

ఫోనును బిందెకు మరీ దగ్గరగా పెట్టకండి. దగ్గరగా పెడితే మూతి పెద్దదై, అడుగు చిన్నదై ఆకారం వంకరపోతుంది. రెండడుగులు వెనక్కి జరిగి, ఫోనులో జూమ్‌తో రెండింతలు దగ్గరికి తెచ్చుకోండి. పుస్తకాల దొంతరకు ఫోను ఆనించి టైమరు పెడితే చెయ్యి వణకదు. ఫోటోకు అందం అద్దే ఫిల్టర్లు తీసేయండి. ఎంతో ఓపికగా పసుపు కొమ్ము నుంచి తెచ్చిన ఆ రంగును ఫిల్టరు ఒక్క క్షణంలో నిమ్మపండు రంగు చేసేస్తుంది. ఆ పని చేసినవారికి అంతకంటే అన్యాయం లేదు.

లక్క లేని మామూలు కర్ర సంగతి ఇంకా తేలిక. టేకు పీట ఉందనుకోండి. అదే కిటికీ, అదే పక్క వెలుగు. ఫోను కదపకుండా పీటను మెల్లగా తిప్పండి. కొంచెం తిప్పి చూడండి, ఇంకొంచెం తిప్పి చూడండి. ఒకచోట వెలుగు పీట మీద అడ్డంగా జారుతుంది, కర్రలోని చారలూ చిత్రిక గుర్తులూ ఒక్కసారిగా లేచి నిలబడతాయి. అక్కడ ఆపి తీయండి. ఎదురు వెలుగులో ఎంతసేపు తీసినా ఇవి రావు. పక్క వెలుగులో అవే వస్తాయి.

కొండపల్లి బొమ్మలకు లక్క మెరుపు ఉండదు. తెల్లపొణికి కర్ర చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో ముక్కలు అతికి, పైన రంగులు వేస్తారు. వాటికి పంచె అక్కర్లేకపోవచ్చు, పక్క కిటికీ మాత్రం కావాలి. దశావతారాలు పదీ వరసగా పెట్టి తీస్తే ఒక్క ముఖమూ కనబడదు. నన్నడిగితే ఒక్క బొమ్మను ఎంచుకోండంటాను.

ఎందుకంటే ఇది కేలండరు. మన ఇళ్ళల్లో కేలండరు ఎక్కడ ఉంటుంది? వంటింటి గుమ్మం పక్కన మేకుకు వేలాడుతుంది. అమ్మ తిథి చూస్తుంది, వర్జ్యం చూస్తుంది, పాలు రాని రోజు సున్నా చుడుతుంది, గ్యాసు బండ వచ్చిన తేదీ రాసుకుంటుంది. నెలంతా నడుస్తూ చూసే బొమ్మ అది. దూరం నుంచి చూసినా తెలియాలి. ఒక్క వస్తువు, పెద్దగా, చుట్టూ ఖాళీ. కుంకం, పూలు, పట్టుచీర ముక్క, ఇవన్నీ చుట్టూ పేర్చకండి. ఇంటి వాడకంలో అవి అందమే, ఫోటోలో మాత్రం కన్ను వాటి వెంట పోతుంది. అడ్డం ఫోటో కావాలో నిలువు ఫోటో కావాలో పోటీ నిబంధనల్లో ముందే చూసుకోండి. అటూ ఇటూ కత్తిరించడానికి కొంత చోటు వదలండి.

అచ్చు గురించి ఒక్క లెక్క. మంచి అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు కావాలంటారు. బొమ్మ 12 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల ఎత్తు అనుకుంటే 3600, 2400. మొత్తం 86 లక్షల పైచిలుకు చుక్కలు. 12 మెగాపిక్సెళ్ళ ఫోను అంటే కోటీ ఇరవై లక్షల చుక్కలు, అంతకు మించే ఉంటాయి. కానీ వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే అది కుదించి పంపుతుంది. అచ్చులో అంచులు మసకబారతాయి. డాక్యుమెంటుగా పంపండి, లేదా మెయిల్లో అసలు ఫైలే పంపండి. ఇంత శ్రమపడి తెచ్చిన ఆ గాడి, ఆ చార, పంపడంలో పోకూడదు.

చివరగా, కేలండరు వేయించే సంఘాలవాళ్ళు ఎవరైనా వింటుంటే మీకొక మనవి. ఇలాంటి పోటీల్లో ఫోటో తీసినవారి పేరు అచ్చవుతుంది, వస్తువు చేసినవారి పేరు చాలాసార్లు ఎక్కడా ఉండదు. నాకది అస్సలు సబబుగా తోచదు. దరఖాస్తు కాగితంలో మూడు గళ్ళు పెట్టండి. చేసినవారి పేరు, వారి ఊరు, వాడిన కర్ర. వారి అనుమతి తీసుకునే ఫోటో పంపాలని రాయండి. అచ్చు వేసేటప్పుడు ఆ మూడు వివరాలనూ బొమ్మ కిందే, అమ్మ కళ్ళజోడు లేకుండా చదువుకోగలిగేంత అక్షరాల్లో వేయండి. ఫోటో తీసినవారి పేరు ఆ పక్కన ఉండనివ్వండి.

సెలవు. నమస్కారం.